అమ్మతో, ఇద్దరు పిల్లలతో మారేడుమిల్లి రెండు రోజులు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

అంబాజీపేట_అబ్బాయి:

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మాది కొబ్బరితోటల మధ్య ఊరు. చుట్టుపక్కల ఎత్తైనవి రెండే: ఏటిగట్టు, సెల్ టవర్. మా అమ్మకి 68 ఏళ్ళు. ఇప్పటిదాకా ఆవిడ ఎక్కిన కొండలు మూడు: అన్నవరం, ద్వారకా తిరుమల, తిరుపతి. మొన్న నాగులచవితికి పుట్టలో పాలు పోసొచ్చి, కాఫీ తాగుతూ, "గుడి లేని కొండ ఒకటి చూపించరా, ఊరికే చూసొద్దాం" అంది. ఆవిడ నోరు తెరిచి ఫలానా చోటుకి తీసుకెళ్ళమని అడగడం నాకు తెలిసి ఇదే మొదలు.

డిసెంబరు మొదటివారంలో శని, ఆదివారాలు అనుకుంటున్నాం. కారు మాదే. నేను, మా ఆవిడ, అమ్మ, పిల్లలిద్దరు (11, 6). అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నేను రాసుకున్న లిస్టు ఇదీ: కోరుకొండ, రంప జలపాతం, భూపతిపాలెం రిజర్వాయరు, పాములేరు, వలమూరు, జలతరంగిణి, అమృతధార, గుడిస కొండ మీద సూర్యోదయం, చింతూరు, భద్రాచలం, పర్ణశాల, వచ్చేటప్పుడు పాపికొండలు బోటు. అన్నీ అవుతాయా? ఏవైనా మిస్సయ్యానా?

కార్తీకం వెళ్ళాకే బయల్దేరాలని అమ్మ షరతు. బొంగు చికెన్ గురించి ఎవరో చెప్పారట.

కాకినాడ_కాజా:

మిస్సయినవి ఉన్నాయండి. కాశీ, రామేశ్వరం. ఆదివారం రాత్రికి అవి కూడా అయిపోతాయేమో చూడండి.

అమ్మగారి షరతు మాత్రం బ్రహ్మాండం.

గోకవరం_గేటు:

ఆ లిస్టు నాలుగు రోజులదండి. ముందు దారి చెబుతా, మీకే అర్థమవుతుంది.

ఈ రోడ్డు మీద పదిహేనేళ్ళుగా బండి తిప్పుతున్నాను. మీరు కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి మీదుగా రాజమండ్రి చేరడానికే రెండు గంటలు వేసుకోండి. అక్కడి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోరుకొండ, గోకవరం దాకా రోడ్డు బల్లపరుపే. గోకవరం దాటి అడవిలో పడ్డాక గాలి మారుతుంది, ఏసీ కట్టేసి అద్దాలు దించేయండి. రంపచోడవరంలో ట్యాంకు నింపేసుకోండి. పైన దొరుకుతుందిలే అనుకుని వెళ్ళి, సీసాలో పెట్రోలు కొనుక్కున్నవాళ్ళని చాలామందిని చూశాను. చేతిలో నగదు కూడా ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు.

అసలు ఘాటు మారేడుమిల్లి దాటాక మొదలవుతుంది. చింతూరు వైపు దిగే రోడ్డది. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, ఎక్కే బండికి దారివ్వాలి, దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోలు ఆదా చేద్దామన్న తెలివితేటలు వద్దు. చీకటి పడ్డాక ఆ ఘాటులో ఉండకండి. డిసెంబరులో తెల్లారగట్ల మంచు దట్టంగా ఉంటుంది, బానెట్ ముందు ఏముందో కనపడదు. పొద్దున్న ఎనిమిదయ్యాక కదిలితే హాయి.

ఇంకో మాట. ఆరేళ్ళ పిల్లకో పిల్లాడికో ఆ మలుపుల్లో వాంతులు ఖాయం. పొద్దున్నే పూరీలు పెట్టకండి. నిమ్మకాయ, నాలుగు కవర్లు ముందు సీట్లో ఉంచుకోండి.

భద్రాచలం మారేడుమిల్లి నుంచి వందకు పైనే. పర్ణశాల అక్కడికి ఇంకో 35. వెళ్ళి రావడంతోనే ఆదివారం అయిపోతుంది. పైగా మీ అమ్మగారు అడిగింది గుడి లేని కొండ కదా, మీరు మళ్ళీ గుడికే తీసుకెళ్తున్నారేంటండి?

రెండుజడలు:

గేటుగారు చివర్లో అన్నమాటే నేనూ అందామనుకున్నా.

పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళిన అనుభవం కాబట్టి ఎవరూ రాయని సంగతి రాస్తాను: బాత్రూములు. రంపచోడవరం దాటాక ఆడవాళ్ళకి పనికొచ్చే చోటు మళ్ళీ మారేడుమిల్లిలోనే. జలపాతాల దగ్గర ఉంటాయని నమ్ముకోకండి. అమ్మగారు మొహమాటపడి పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, మా అత్తగారు అదే చేసి సాయంత్రానికి తలనొప్పితో పడుకున్నారు. ముందే చెప్పి, ఆపాల్సినచోట ఆపండి.

బస ముందే ఖాయం చేసుకోండి, శని, ఆదివారాల్లో అక్కడికెళ్ళి వెతుక్కోవడం నరకం. మేము ఒకచోట (పేరు వద్దులెండి) ఫోటోలు చూసి డబ్బు కట్టేశాం. వెళ్తే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మాకు రేకుల షెడ్డు చూపించి "ఇదీ ప్రకృతి ఒడిలోనే మేడమ్" అన్నాడు. రాత్రి చలికి పిల్లలు వణికిపోయారు. అందుకే బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి, గది ఏది, వేడినీళ్ళు ఉన్నాయా, దుప్పట్లు ఎన్ని ఇస్తారు అని అడగండి. అటవీశాఖ, అక్కడి గిరిజనులతో కలిసి నడిపే పర్యావరణ పర్యాటక బసలు కూడా ఉన్నాయి. అవి సాదాగా ఉంటాయి గానీ వంట బాగుంటుంది.

స్వెట్టర్లు మర్చిపోకండి. మనకి చలంటే తెలియదు, "కోనసీమ చలికి తువ్వాలు చాలు" అనుకుని వెళ్తాం. దోమల మందు కూడా, అది మన్యం.

బుల్లెట్_బాబు:

అన్నా, మిగతావన్నీ వదిలేసినా పర్లేదు, గుడిస మాత్రం వదలొద్దు!! తెల్లారి మూడింటికి లేచి జీపు మాట్లాడుకుని వెళ్ళాలి. పైన చెట్లుండవు, కనుచూపు మేర గడ్డి. సూర్యుడు వచ్చేసరికి మేఘాలు మన కాళ్ళ కింద ఉంటాయి. ఒట్టు, సముద్రం ఒడ్డున నిలబడ్డట్టే. మేము అయిదు బళ్ళ మీద వెళ్ళాం, రాత్రంతా రైడింగ్. మామూలు కిక్కు కాదు.

మన్యం_మాస్టారు:

నేను ఏజెన్సీ బడుల్లో 27 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సొంతూరు ముమ్మిడివరం దగ్గర. అంటే ఆ వైపూ తెలుసు, ఈ వైపూ తెలుసు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

బుల్లెట్ బాబు గుడిస గురించి చెప్పింది అబద్ధం కాదు, బాగుంటుంది. కానీ 68 ఏళ్ళ మోకాళ్ళతో ఆ జీపులో వెళ్ళాలంటే ఆలోచించుకోవాలి. పుల్లంగి వైపు వెళ్ళే ఆ దారి చివర్లో రాళ్ళూ గోతులూ. జీపులో ఇనపరాడ్డు పట్టుకుని కూర్చున్నా నడుం నిలవదు. ఇంకో విషయం కూడా ఉంది. ఆ గడ్డికొండ మీద నేను ఒకసారి పిల్లల్ని వెంటేసుకుని చెత్త ఏరించాను. రెండు గోనెసంచులు నిండాయి, ముప్పాతిక వంతు బీరుసీసాలు, చిప్స్ కవర్లు. పగిలిన గాజుపెంకులు ఆవుల గిట్టల్లో దిగుతున్నాయని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. ఎవరూ లేని కొండ అనుకుంటారు గానీ, అది ఎవరో ఒకరి పశువులు మేసే చోటే.

ఇక మీ లిస్టు. నేనైతే ఇలా చేస్తాను.

శనివారం దారిలో రంప ఒక్కటే చూడండి. రంపచోడవరానికి నాలుగైదు కిలోమీటర్లు. జలపాతం చిన్నదే, ఊళ్ళో పాత రాతి శివాలయం ఉంది (అమ్మగారికి చెప్పకండి). ఆ ఊరి పేరే ఒక చరిత్ర. 1879లో ఇక్కడ పితూరీ (తిరుగుబాటు) లేచింది, దానికి ఒక కారణం కల్లుగీత మీద వేసిన పన్ను. కొండమీద వాళ్ళకి జీలుగు కల్లు సరదా కాదండి, ఎండాకాలం ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు కడుపు నింపేది అదే. అలాంటి చెట్టుకి పన్నేమిటని తిరగబడ్డారు. తర్వాత అడవి చట్టాలు పోడు మీద పడ్డాయి, రోడ్ల పనికి వెట్టి మొదలైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఈ ప్రాంతానికి ఆయన పేరే పెట్టారు. మీ పదకొండేళ్ళ వాడికి ఈ కథ కారులో చెప్పండి, జలపాతం కన్నా బాగా గుర్తుంటుంది.

మధ్యాహ్నానికి మారేడుమిల్లి చేరి, భోంచేసి, సాయంత్రం వలమూరు వాగు దగ్గరికి వెళ్ళండి. వాలి సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని స్థానికులు చెప్పుకుంటారు. గడ్డిమైదానం, చుట్టూ కొండలు, వాగు. చేయాల్సిన పనేమీ ఉండదు, అదే దాని గొప్ప.

ఆదివారం పొద్దున్న జలతరంగిణి. రోడ్డు పక్కనే కాబట్టి అమ్మగారు నడవక్కర్లేదు. అమృతధారకి లోపలికి నడక ఉంది, పిల్లల్ని తీసుకుని మీరొకరు వెళ్ళండి. మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగు ప్రయాణం. చింతూరు, మూడు రాష్ట్రాలు కలిసే మోటు అనే ఊరు, అక్కడి శబరి, సీలేరు కలయిక, ఇవన్నీ ఇంకో ట్రిప్పుకి ఉంచుకోండి.

సంత తగిలితే మాత్రం కారు ఆపండి. కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు, పసుపు అమ్మకానికి వస్తాయి. బేరం ఆడేముందు ఒక్కసారి ఆలోచించండి: ఆ చీపురు గడ్డి కోసుకురావడానికి ఆవిడ ఎన్ని కిలోమీటర్లు కొండ ఎక్కి దిగిందో. తేనె, కాఫీపొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. 1956 నుంచీ ఉన్న సంస్థ, కల్తీ భయం ఉండదు. రోడ్డు పక్క తేనెపట్టు చూపించి అమ్మేవాటిలో బెల్లం పాకమెంతో తేనె ఎంతో ఆ అమ్మేవాడికే తెలియాలి.

బుల్లెట్_బాబు:

మాస్టారూ, అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? మేము ఒక్క కవరు కూడా పడేయలేదు. బ్యాగులో వేసుకుని రాజమండ్రి తెచ్చాం.

మన్యం_మాస్టారు:

తెచ్చి ఉంటే నీకు దణ్ణం బాబూ. అయితే రాత్రంతా రైడింగ్ అన్నావు. అయిదు బళ్ళ సైలెన్సర్లు అర్ధరాత్రి గూడెం పక్క నుంచి వెళ్తే పసిపిల్లలు దడుచుకుంటారు. అది చెత్త కాదా?

బుల్లెట్_బాబు:

అది మాత్రం ఆలోచించలేదు మాస్టారు. ఒప్పుకుంటున్నా.

నిర్వాహకుడు:

ఇద్దరూ చర్చ చక్కగా ముగించారు. దయచేసి ఇక అసలు విషయానికి.

పాత_పంటు:

పాపికొండల గురించి నన్ను రాయనివ్వండి. మా నాన్న పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపేవాడు, నేను లాంచీల మీద పెరిగాను.

ఒకటి, అది దారిలో చూసొచ్చేది కాదు. బోటు పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి తిరిగొస్తుంది. గండి పోచమ్మ గుడి వైపు నుంచి ఎక్కినా, పోలవరం వైపు నుంచి ఎక్కినా ఒక రోజు దానికే. రెండు, గోదారి నిండుగా పారే వర్షాకాలంలో బోట్లు ఆపేస్తారు. మీరు డిసెంబరు అన్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

మూడోది, నేను ఎప్పుడూ చెప్పేదే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. అందులో ఉన్నది 77 మంది. వరద ఇంకా తగ్గని రోజు అది. ఆ మలుపులో ఏరు సన్నబడి సుడులు తిరుగుతుంది, లోతు కూడా భయంకరం. తర్వాత చాలాకాలం బోట్లు ఆపేశారు. ఇప్పుడు లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు, కానీ నేను చూస్తూనే ఉంటాను, బోటు కదిలిన పావుగంటకి సెల్ఫీల కోసం విప్పి పక్కన పడేస్తారు. ఉక్కపోతగా ఉన్నా విప్పకండి. పిల్లలకి వాళ్ళ సైజుది ఉందో లేదో ఎక్కేముందే అడగండి. లేదంటే ఆరోజుకి దిగిపోండి, సిగ్గేమీ లేదు.

మిగతాదంతా అందమే. మన దగ్గర ధవళేశ్వరం బ్యారేజీ చూడండి, నాలుగు భాగాలు, 175 గేట్లు, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు మసగ్గా ఉంటుంది. అదే గోదారి పాపికొండల మధ్య ఒద్దికగా, పాపిట తీసినట్టు పోతుంది. పాపిడి కొండలే పాపికొండలయ్యాయని మా నాన్న చెప్పేవాడు. పేరంటపల్లిలో దిగితే చిన్న శివాలయం, పక్కనే కొండరెడ్ల ఇళ్ళు, వెదురుతో చేసిన బొమ్మలు. పోలవరం పనుల వల్ల దేవీపట్నం వైపు ఊళ్ళు చాలావరకు ఖాళీ అయిపోయాయి. వరదొస్తే గండి పోచమ్మ గుడి కూడా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. నాకు తెలిసిన రేవులు ఇప్పుడు లేవు. అందుకే చూడాలంటే త్వరగానే చూడండి. కానీ విడిగా ఒక రోజు పెట్టుకుని.

అంబాజీపేట_అబ్బాయి:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదండి. లిస్టు అమ్మకి చదివి వినిపించాను. "మాస్టారు చెప్పినట్టు చెయ్యి" అని తీర్పు ఇచ్చేసింది. భద్రాచలం, పర్ణశాల, పాపికొండలు, గుడిస కొట్టేశాం. మా వాడు గుడిస కోసం ఒక పూట అలిగాడు. వచ్చాక రాస్తాను.

లొల్ల_లాకులు:

శుభం. వచ్చాక తప్పకుండా రాయండి. ఇలా సలహాలడిగి వెళ్ళి మళ్ళీ కనపడనివాళ్ళే ఎక్కువ.

నాకో సంగతి ఎప్పుడూ అనిపిస్తుంది. వానాకాలంలో మనం రోజూ పేపర్లో వెతికేది భద్రాచలం దగ్గర నీటిమట్టం. 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 వచ్చిందంటే లంకల్లో సామాను అటకెక్కించడమే. 2022 జూలైలో 71 దాటినప్పుడు మా మేనత్తవాళ్ళు పాడి గేదెల్ని ఏటిగట్టు మీద కట్టేసి పది రోజులు అక్కడే టార్పాలిన్ కింద ఉన్నారు. 1986లో ఇంకా ఎక్కువ, 75 దాటింది. ఇంత భయపడే నీళ్ళు ఎక్కడ పుట్టి వస్తున్నాయో మనలో చూసినవాళ్ళు ఎంతమంది చెప్పండి?

అంబాజీపేట_అబ్బాయి:

వెళ్ళొచ్చామండి. మాటిచ్చినట్టు రాస్తున్నా.

ఆరింటికి బయల్దేరాలనుకుని ఏడున్నరకి బయల్దేరాం. కారణం అమ్మ. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం, జంతికలు కట్టింది. అవి చాలవన్నట్టు కొబ్బరి బొండాలు ఓ పది డిక్కీలో వేయించింది. "అక్కడ దొరకవేమోరా." అడవిలోకి కొబ్బరి బొండాలు మోసుకెళ్ళిన ఘనత మాది. చివరికి ఏమైందో చెబుతా.

గోకవరం దాటి అడవి మొదలవగానే గేటుగారు చెప్పినట్టు అద్దాలు దించాం. అమ్మ మాట్లాడటం మానేసింది. ఆవిడ మాట్లాడకుండా పది నిమిషాలుండటం మా ఇంట్లో ఎవరికీ అనుభవం లేదు. మా ఆవిడ కంగారుపడి "అత్తయ్యగారూ, కడుపులో తిప్పుతోందా?" అని అడిగింది. "కాదే, చూడనీ" అంది. వాంతి చేసుకుంది చిన్నది కాదు, పెద్దాడు. కవర్లు ముందు సీట్లోనే ఉన్నాయి, గేటుగారికి దణ్ణం.

రంపలో నీళ్ళు సన్నగానే ఉన్నాయి. గుడి సంగతి దాచిపెడదామనుకున్నాం కానీ అమ్మే గోపురం చూసేసింది. "ఎంత తప్పించుకున్నా ఆయన ఉన్నాడురా" అని దణ్ణం పెట్టుకుంది. పితూరీ కథ కారులో చెప్పాను. మావాడు "చెట్టుకి పన్నెందుకు నాన్నా, చెట్టు డబ్బు సంపాదిస్తుందా?" అన్నాడు. జవాబు రాలేదు నాకు. అంతలో అమ్మ వెనక నుంచి "కొబ్బరిచెట్టు సంపాదిస్తుంది" అంది.

వలమూరు దగ్గర సాయంత్రం రెండు గంటలు కూర్చున్నాం. వాలి సుగ్రీవుల కథ చెబితే "ఇక్కడికీ వచ్చాడా రాముడు, గుడి కట్టలేదా అయితే? బతికించారు" అని నవ్వింది. రోడ్డు పక్క బొంగు చికెన్ చేసే కుర్రాడి దగ్గర అమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మొదటి నుంచి చివరిదాకా చూసింది. పచ్చి వెదురు బొంగు, ఒకవైపు కణుపు ఉండేట్టు కోశాడు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని లోపలికి కూరాడు. నూనె చుక్క కూడా లేదు. మూతికి ఆకులు మడిచి బిరడాలా బిగించి నిప్పుల మీద వాలుగా పెట్టాడు. ప్రతి రెండు నిమిషాలకీ ఓసారి తిప్పుతున్నాడు, పచ్చని బొంగు పసుపై, గోధుమరంగై, నల్లబడింది. మూతి దగ్గర నీటిబుడగలు చిటచిట మన్నాక "అయిపోయింది బామ్మగారు" అన్నాడు. ఆకు తీసేసరికి వచ్చిన ఆవిరిలో పచ్చి వెదురు వాసన. అమ్మ మొదటి ముక్క తిని, "ఇది మన పొట్టిక్కేరా. మనం పనసాకు బుట్టలో పిండి పోసి ఉడికిస్తాం, వీళ్ళు బొంగులో కోడిని పెట్టారు. ఆకు పసరు దిగితేనే రుచి" అంది. ఆ కుర్రాడికి పొట్టిక్కలంటే ఏమిటో అరగంట చెప్పింది. పోయేటప్పుడు కొబ్బరి బొండాలన్నీ వాడికే ఇచ్చేసింది. వాడు డబ్బులు తక్కువ తీసుకోబోతే ఒప్పుకోలేదు.

రాత్రి చలి గురించి రెండుజడలుగారు రాసింది అక్షరాలా నిజం. ముందురోజు ఫోన్ చేశాను కాబట్టి దుప్పట్లు దొరికాయి, వేడినీళ్ళు మాత్రం బకెట్టుకి సగమే వచ్చాయి. అమ్మ రెండు చీరలు చుట్టుకుని పడుకుంది.

ఆదివారం జలతరంగిణి దగ్గర ఆవిడ చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది. అమృతధారకి నేను, పిల్లలు వెళ్ళాం. నడక నాకే ఆయాసం వచ్చింది, పిల్లలు కోతుల్లా ముందే పోయారు. తిరిగొచ్చేసరికి అమ్మ రోడ్డు పక్క అడ్డాకుల విస్తళ్ళు కుట్టే ఆవిడతో కబుర్లలో ఉంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పుల్లతో ఆకులు ఎలా గుచ్చాలో నేర్చుకుని ఒక విస్తరి కుట్టింది, అది వంకర. దాన్నే ఇంటికి తెచ్చింది.

ఒక్క తప్పు చేశాం. రెండింటికి బయల్దేరాల్సింది నాలుగు చేశాం. రంపచోడవరం దగ్గరే మసక పడింది, గోకవరం దాకా టెన్షన్‌గానే నడిపాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు మాస్టారి టైము మార్చకండి.

రెండుజడలు:

ఆ వంకర విస్తరి ఫోటో పెట్టాల్సిందే. మీ అమ్మగారు నాకు చాలా నచ్చేశారు.

కాకినాడ_కాజా:

బొంగు చికెన్‌ని పొట్టిక్కతో పోల్చిన మొదటి మనిషి మీ అమ్మగారే అయ్యుంటారు. ఆలోచిస్తే నిజమే. ఇకనుంచి ఎవరికైనా పొట్టిక్క పెడితే "శాకాహార బొంగు చికెన్" అని చెబుతా.

గోకవరం_గేటు:

సాయంత్రం నాలుగింటికి బయల్దేరారా? నా మాట వినలేదన్నమాట. క్షేమంగా చేరారు, సంతోషం. టైర్లు, బ్రేకు ప్యాడ్లు ఓసారి చూపించుకోండి.

అంబాజీపేట_అబ్బాయి:

ఆయ్, రేపే చూపిస్తానండి.

మాస్టారూ, ఒక ప్రశ్న మిగిలిపోయింది. జలతరంగిణిలో కాళ్ళు పెట్టుకుని అమ్మ అడిగింది, "ఈ నీళ్ళు మనూరు వస్తాయా?" అని. నేను "ఏమో, వస్తాయేమో" అని దాటేశాను. ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు అడిగింది.

మన్యం_మాస్టారు:

ప్రతి వాగు దారీ చెప్పలేను గానీ, ఆ కొండల మీద పడ్డ వాన చాలావరకు గోదారికే చేరుతుందండి. మీరు ఘాటు దిగి చింతూరు వైపు ఇంకాస్త వెళ్ళి ఉంటే సోకులేరు అని ఒక వాగు తగిలేది. అది శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదారిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండల మధ్యగా, పోలవరం దాటి ధవళేశ్వరం వస్తుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక మీ వైపు కాలువలకి ఆ నీళ్ళే. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి తిరిగి, మన లొల్ల లాకులుగారి ఊరు దాటి, మీ కొబ్బరిచెట్ల మొదళ్ళలోకి వస్తాయి. వస్తాయని చెప్పండి అమ్మగారికి.

లొల్ల_లాకులు:

మా లాకులు దాటకుండా ఒక్క చుక్క కూడా రాదని కూడా చెప్పండి. అనుమతి మాదే.

అంబాజీపేట_అబ్బాయి:

చెప్పానండి. కాసేపు ఆలోచించి, "అయితే కాళ్ళు కడిగిన నీళ్ళు మన తోటకే వచ్చాయన్నమాట" అంది.

కాకినాడ_కాజా:

😀😀 ఇంతకీ చీపుర్లు కొన్నారా లేదా? అది రాయలేదు.

అంబాజీపేట_అబ్బాయి:

అయిదు కట్టలు తెచ్చింది, బేరం ఆడకుండా. సోమవారం పొద్దుటికి నాలుగు కట్టలు ఇరుగుపొరుగు పట్టుకుపోయారు. మిగిలిన ఒక్కటీ మా చెల్లెలు అడుగుతోంది. మళ్ళీ ఎప్పుడు వెళ్దామని అమ్మ నిన్నట్నుంచి క్యాలెండర్ చూస్తోంది. పాత_పంటుగారూ, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉండే బోటు ఏ రేవులో ఎక్కితే దొరుకుతుందండి?